కనిపించని కేంద్రానికి ఇద్దరు సాక్షులు: క్రియాశీల గెలాక్సీల పరిశీలనా చరిత్ర

గుండె నుంచి బృహద్ధమనిలోకి రక్తం వెళ్ళే ద్వారం దగ్గరి కవాటం కొందరిలో వయసుతో గట్టిపడి ఇరుకవుతుంది. అలాంటి రోగి నా ముందుకు వచ్చినప్పుడు ఆ ద్వారానికి లోపల పీడనం ఎంతో, వెలుపల ఎంతో కంటితో చూడలేను. ఎకో పరీక్షలో ధ్వని తరంగాలను పంపి, కదిలే రక్తకణాలను తాకి తిరిగి వచ్చిన తరంగాల పౌనఃపున్యం ఎంత మారిందో చూస్తాం. ఆ మార్పు రక్తం వేగాన్ని చెబుతుంది. వేగం సెకనుకు 4 మీటర్లయితే దాని వర్గాన్ని నాలుగుతో హెచ్చవేస్తాం. పీడనంలో తేడా 64 మిల్లీమీటర్ల పాదరసం అని తేలుతుంది. ద్వారం బాగా ఇరుకైపోయిందని నిర్ణయిస్తాం. చూసింది రక్తం వేగాన్ని, తెలుసుకున్నది చూడని పీడనాన్ని.

కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీల నడిబొడ్డును గురించి ఖగోళ శాస్త్రవేత్తలు మాట్లాడేటప్పుడు కూడా చేసేది ఇదే. మామూలు గెలాక్సీ వెలుగు దానిలోని నక్షత్రాల వెలుగు మొత్తమే. కొన్ని గెలాక్సీలలో మాత్రం కేంద్రంలోని అతి చిన్న ప్రాంతం, చుట్టూ ఉన్న వేల కోట్ల నక్షత్రాలతో పోటీపడి వెలుగుతుంది. వీటినే క్రియాశీల గెలాక్సీలు అంటారు. ఆ వెలుగు వెనక బృహత్తరమైన కృష్ణబిలం ఉందని ఈనాడు పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. కృష్ణబిలం తనంతట తాను కనిపించదు కదా, మరి ఆ నిర్ణయానికి ఎలా వచ్చారు? ఇద్దరు సాక్షుల మాట విని. ఒక సాక్షి, కేంద్రం చుట్టూ పరుగెత్తే వాయువు. రెండవ సాక్షి, అక్కడి నుంచి వచ్చే రేడియో తరంగాలు. ఈ ఇద్దరినీ మొదట విన్నది ఎక్కువగా అమెరికాలోనే, అదీ ఇంచుమించు ఒకే దశాబ్దంలో. కానీ ఇద్దరి మాటనూ పక్కపక్కన పెట్టి వినడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఆలస్యం కథే ఈ వ్యాసం.

వైద్యం వదిలిన విద్యార్థి

కార్ల్ సీఫర్ట్ 1911లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లండ్‌లో పుట్టాడు. వైద్యుడు కావాలని 1929లో హార్వర్డ్‌లో చేరాడు. అక్కడ బార్ట్ బాక్ అనే యువ ఖగోళ శాస్త్రవేత్త ఉపన్యాసం విని మనసు మార్చుకున్నాడు. మా వృత్తి ఒక వైద్యుణ్ణి పోగొట్టుకుంది గాని, దానివల్ల ప్రపంచానికి నష్టమేమీ జరగలేదు.

ఈ బార్ట్ బాక్ పేరు మన హైదరాబాదుకు కూడా చెందినదే. నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు, నిజాం కళాశాల విద్యార్థి అయిన వేణు బప్పు హైదరాబాదు ప్రభుత్వపు ఉపకారవేతనంతో హార్వర్డ్‌కు వెళ్ళి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆ తోకచుక్కకు ఉన్న మూడు పేర్లలో మొదటిది బప్పుది, రెండవది ఈ బాక్‌ది.

సీఫర్ట్ 1940 నుంచి 1942 వరకు కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో పనిచేశాడు. సర్పిలాకారపు గెలాక్సీలు కొన్నిటి కేంద్రాలు చుక్కలాగా అసాధారణంగా మెరుస్తున్నాయని తెలుసు. వాటి కాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. నక్షత్రాల కాంతి వర్ణపటంలో సాధారణంగా నల్లని గీతలుంటాయి. ఈ కేంద్రాల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలున్నాయి. వేడెక్కి అయనీకృతమైన పలుచని వాయువు మాత్రమే అలాంటి గీతలనిస్తుంది. ఈ సంగతి పూర్తిగా కొత్తది కాదు. లిక్ వేధశాలలో ఎడ్వర్డ్ ఫాత్ 1908లోనే ఎన్.జి.సి. 1068 అనే గెలాక్సీలో ఈ గీతలను చూశాడు. లొవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ అవి ఉండవలసిన దానికన్నా వెడల్పుగా ఉన్నాయని గమనించాడు. సీఫర్ట్ చేసింది, ఒంటరి వింతలుగా ఉన్నవాటిని ఒక కుటుంబంగా గుర్తించడం. పన్నెండు గెలాక్సీల జాబితా ఇచ్చి, వాటిలో ఆరింటిని క్షుణ్ణంగా పరీక్షించి 1943లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ప్రచురించాడు.

గీత వెడల్పు ఎందుకంత ముఖ్యం? డాప్లర్ ప్రభావాన్ని నేను తెలుగు మాధ్యమంలో, రైలు కూత ఉదాహరణతో చదువుకున్నాను. మన వైపు వచ్చే రైలు కూత హెచ్చు శ్రుతిలో, దూరమయ్యే రైలు కూత తగ్గు శ్రుతిలో వినిపిస్తుంది. కాంతికీ ఇదే వర్తిస్తుంది. హైడ్రోజన్ వాయువు 486.1 నానోమీటర్ల దగ్గర ఒక గీతనిస్తుంది. వాయువు సెకనుకు 1000 కి.మీ. వేగంతో కదిలితే ఆ గీత సుమారు 1.6 నానోమీటర్లు పక్కకు జరుగుతుంది. కొంత వాయువు మన వైపు, కొంత అవతలి వైపు పరుగెడుతూ ఉంటే గీత రెండు వైపులా సాగి వెడల్పవుతుంది. సీఫర్ట్ చూసిన కొన్ని గీతల వెడల్పు సెకనుకు 8500 కి.మీ. వేగానికి సరిపోయింది. మన పాలపుంతలో సూర్యుడు కేంద్రం చుట్టూ తిరిగే వేగం సెకనుకు సుమారు 220 కి.మీ. మాత్రమే. అంత వేగంగా పరుగెత్తే వాయువు చెదిరిపోకుండా ఉండాలంటే దాన్ని పట్టి ఉంచేది ఏదో ఉండాలి. ఆ ప్రశ్న అప్పుడు ఎవరూ గట్టిగా అడగలేదు.

హోమ్‌డెల్ చప్పుడు, వీటన్ పెరడు

రెండవ సాక్షి గొంతు అంతకు పదేళ్ళ ముందే వినిపించింది. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో బెల్ ప్రయోగశాలల ఉద్యోగి కార్ల్ జాన్‌స్కీకి అప్పగించిన పని చాలా లౌకికమైనది. సముద్రం దాటే రేడియో టెలిఫోను సంభాషణలకు అడ్డొచ్చే గరగర ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలి. గుండ్రంగా తిరిగే ఒక పెద్ద యాంటెనాను కట్టి 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర వినసాగాడు. దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు పోగా, సన్నని బుస ఒకటి మిగిలింది. అది రోజూ హెచ్చుతూ తగ్గుతూ ఉంది. అయితే ఆ హెచ్చుతగ్గుల ఆవృత్తి 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు. మన పంచాంగకర్తలు నాక్షత్ర దినమనే కాలమిది. మూలం సూర్యుడు కాదని, నక్షత్రాలతో పాటు ఉదయించి అస్తమించేదేదో అని దానితో తేలింది. పాలపుంత కేంద్రం నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని 1933లో ప్రకటించాడు.

జాన్‌స్కీకి యౌవనం నుంచీ మూత్రపిండాల వ్యాధి ఉండేది. ఆ రోజుల్లో దాన్ని బ్రైట్స్ వ్యాధి అనేవారు. దీర్ఘకాలం బాధపడి 1950లో 44 ఏళ్ళకే మరణించాడు. బోస్టన్‌లో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి జరిగింది 1954లో. ఒక వైద్యుడిగా ఆ నాలుగేళ్ళ తేడా నన్ను బాధిస్తుంది. ఈనాడు రేడియో తీవ్రతను కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

జాన్‌స్కీ పనిని అందిపుచ్చుకున్నది ఏ విశ్వవిద్యాలయమూ కాదు. షికాగో దగ్గరి వీటన్‌లో గ్రోట్ రీబర్ అనే రేడియో ఇంజనీరు, 1937లో సొంత డబ్బుతో, ఇంటి పెరటిలో 31 అడుగుల వెడల్పు గల డిష్ కట్టుకున్నాడు. మొదట ఎంచుకున్న రెండు పౌనఃపున్యాల వద్ద ఏమీ వినబడలేదు. మూడవసారి 160 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంత వినిపించింది. 1944లో ఆకాశపు రేడియో పటాన్ని ప్రచురించాడు. అందులో పాలపుంత కేంద్రంతో పాటు హంస మండలం దిక్కున కూడా ఒక ఎత్తు కనిపించింది. రీబర్ కూడా సీఫర్ట్ లాగే 1911లో పుట్టినవాడు. ఆయన వ్యాసం కూడా ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లోనే వచ్చింది.

అంటే, ఏడాది తేడాతో ఒకే పత్రికలో, ఒకే ఈడు వారిద్దరు, ఇద్దరు సాక్షుల వాంగ్మూలాలను నమోదు చేశారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆ క్షణాన ఊహించగలిగినవారు లేరు. ఒకరిది వర్ణపటాల భాష, మరొకరిది రేడియో వలయాల భాష. ఒకే రోగిని ఇద్దరు నిపుణులు వేర్వేరు గదుల్లో చూసి, ఒకరి నివేదిక మరొకరు చదవనట్టు జరిగింది.

పరీక్ష సరైనదే, నిర్ణయం తప్పు

యుద్ధం ముగిశాక రేడార్ అనుభవంతో వచ్చిన ఇంజనీర్లు ఇంగ్లండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ రేడియో ఖగోళశాస్త్రాన్ని ముందుకు నడిపారు. హంస మండలం వైపు బలమైన రేడియో బిందువు ఒకటి ఉందని తేలింది. దానికి సిగ్నస్ ఎ అని పేరు పెట్టారు. 1951లో కేంబ్రిడ్జ్‌లోని గ్రాహం స్మిత్ దాని స్థానాన్ని కచ్చితంగా కొలిచి, కాలిఫోర్నియాలోని వాల్టర్ బాడెకు పంపాడు. బాడె, రుడాల్ఫ్ మింకౌస్కీ పాలోమార్ పర్వతం మీది 200 అంగుళాల దూరదర్శినితో ఆ చోటు చూశారు. రెండు ముద్దలుగా కనిపించే ఒక మసక గెలాక్సీ దొరికింది.

రెండు గెలాక్సీలు ఢీకొంటున్నాయని బాడె నమ్మాడు. మింకౌస్కీ నమ్మలేదు. పందెం వెయ్యి డాలర్ల దగ్గర మొదలై విస్కీ సీసా దగ్గర ఆగింది. ఢీకొని వేడెక్కిన వాయువు ఉంటే వర్ణపటంలో ప్రకాశవంతమైన ఉద్గార రేఖలు కనిపించాలి, అదే తీర్పు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. మింకౌస్కీ స్వయంగా తీసిన వర్ణపటంలో బలంగా అయనీకృతమైన నియాన్ రేఖలు కనిపించాయి. పందెం చెల్లించాడు. ఆ రేఖల జరుగుడును బట్టి ఆ గెలాక్సీ సెకనుకు సుమారు 17,000 కి.మీ. వేగంతో మనకు దూరమవుతోందని తేలింది. అంత దూరాన ఉండి కూడా ఆకాశంలో అతి బలమైన రేడియో మూలాలలో ఒకటిగా ఉందంటే దాని అసలు శక్తి ఎంతో!

1954లో వెలువడిన ఆ వ్యాసాలతో ఇద్దరు సాక్షులూ మొదటిసారి ఒకే బోనులో నిలబడ్డారు. అంతేకాదు, పర్షియస్ మండలంలోని మరో రేడియో మూలాన్ని బాడె, మింకౌస్కీ ఎన్.జి.సి. 1275 అనే గెలాక్సీగా గుర్తించారు. అది సీఫర్ట్ జాబితాలోనిదే. ఆ జాబితాకు రేడియోతో సంబంధం ఉండవచ్చుననే తొలి సూచన ఇది.

అయితే ఢీకొనడమనే నిర్ణయం నిలవలేదు. 1953లోనే జోడ్రెల్ బ్యాంకులో రోజర్ జెనిసన్, కలకత్తా నుంచి వెళ్ళిన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా కలిసి, సిగ్నస్ ఎ రేడియో వెలుగు గెలాక్సీలో నుంచి గాక, దానికి రెండు వైపులా దూరంగా ఉన్న రెండు ప్రాంతాల నుంచి వస్తోందని చూపారు. గెలాక్సీ మధ్యలో ఉంది, రేడియో వెలుగు బయట ఉంది. ఢీకొన్న చోట కాక, చోటు విడిచి అంత దూరాన ఎందుకు వెలుగుతుంది? కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయలో రెండు 90 అడుగుల డిష్‌లతో కట్టిన వ్యతికరణమాపకం, 1960ల ఆరంభంలో, చాలా రేడియో మూలాలు ఇలాగే జంటలుగా ఉన్నాయని తేల్చింది.

అయస్కాంత క్షేత్రంలో కాంతివేగానికి దగ్గరగా సుడి తిరిగే ఎలక్ట్రాన్లు ఈ రేడియో తరంగాలను వెదజల్లుతాయని అప్పటికి అర్థమయింది. దీన్ని సింక్రోట్రాన్ వికిరణమంటారు. ఆ ఎలక్ట్రాన్లకూ, అయస్కాంత క్షేత్రానికీ కలిపి కనీసం ఎంత శక్తి కావాలో జెఫ్రీ బర్బిడ్జ్ 1950ల చివర లెక్కగట్టాడు. పెద్ద రేడియో గెలాక్సీలకు 1 పక్కన 60 సున్నాలున్నన్ని ఎర్గుల వరకు వచ్చింది. ఐదారు లక్షల సూర్యుల ద్రవ్యరాశి మొత్తం శక్తిగా మారితే అంత వస్తుంది. ఢీకొనే గెలాక్సీలు ఆ లెక్కను తీర్చలేవు.

వైద్యంలో ఇలాంటిది మాకు కొత్త కాదు. పరీక్ష నిజం చెబుతుంది, దాన్నిబట్టి మేం కట్టిన కథ తప్పవుతుంది. ఉద్గార రేఖలున్నాయి, నిజం. వాయువు ఉద్రేకంలో ఉంది, అదీ నిజం. కారణం మాత్రం వేరు. మింకౌస్కీ ఇచ్చిన విస్కీ సీసా తప్పుడు సిద్ధాంతానికి దక్కిన బహుమతి. కానీ ఆయన తీసిన వర్ణపటం ఈనాటికీ చెల్లుతుంది.

వేగం నుంచి బరువుకు

సీఫర్ట్ గెలాక్సీలను మళ్ళీ పైకి తీసిన వారిలో ముఖ్యుడు లోడెవైక్ వోల్టియర్. 1959లో ఆయన సాగించిన తర్కం సరళమైనది. ఈ కేంద్రాలు దూరదర్శినిలో చుక్కలుగానే కనిపిస్తున్నాయి కాబట్టి చాలా చిన్నవి. సర్పిలాకారపు గెలాక్సీలలో నూటికి ఒకటి ఇలా ఉంది కాబట్టి ఈ స్థితి కోట్ల ఏళ్ళపాటు సాగుతుంది. అంత వేగంగా పరుగెత్తే వాయువు అంతకాలం ఎగిరిపోకుండా ఉండాలంటే గురుత్వాకర్షణ పట్టి ఉంచాలి. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో గుణించి గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే ద్రవ్యరాశి వస్తుంది. అలా వేస్తే ఆ చిన్న చోటులో పదికోట్ల సూర్యులకు తక్కువ కాని ద్రవ్యరాశి ఉండాలి. ఎకో గదిలో మేం వేసే లెక్కలో లాగే ఇక్కడా వేగం వర్గమే ప్రాణం.

ఆ తర్కం ఎక్కడికి దారితీస్తుందో చూడకుండానే, సీఫర్ట్ 1960 జూన్‌లో నాష్‌విల్‌లో కారు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 49.

మరో రెండున్నర ఏళ్ళకు సాక్షులిద్దరూ మళ్ళీ కలిశారు. 3సి 273 అనే రేడియో మూలాన్ని చంద్రుడు కప్పి విడిచిన క్షణాలను 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ దూరదర్శినితో నమోదు చేసి సిరిల్ హజార్డ్ బృందం దాని స్థానాన్ని తేల్చింది. ఆ చోట ఉన్నది నక్షత్రంలా కనిపించే చుక్క. దాని వర్ణపటంలోని గీతలు ఏ మూలకానికీ సరిపోలేదు. 1963 ఫిబ్రవరిలో కాల్‌టెక్‌లోని మార్టిన్ ష్మిట్, అవి మనకు తెలిసిన హైడ్రోజన్ గీతలేనని, 15.8 శాతం ఎరుపు వైపు జరిగాయని గుర్తించాడు. అంటే అది 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. అదే క్వేజార్. రేడియో చోటు చూపించింది, వాయువు దూరం చెప్పింది. ఏ ఒక్కటి లేకున్నా ఆ ఆవిష్కరణ జరిగేది కాదు.

మరుసటి ఏడాదే కార్నెల్‌లో ఎడ్విన్ సాల్పీటర్, మాస్కోలో యాకోవ్ జెల్దోవిచ్ విడివిడిగా, భారీ వస్తువు మీదికి వాయువు పడుతూ ఉంటే ఇంత శక్తి వస్తుందని సూచించారు. 1969లో డోనాల్డ్ లిండెన్-బెల్ మామూలు గెలాక్సీల కేంద్రాలలో కూడా చల్లారిన క్వేజార్లు, అంటే కృష్ణబిలాలు, ఉండవచ్చునని ప్రతిపాదించాడు. సిద్ధాంతం సిద్ధమయింది. రుజువు మిగిలింది.

వాయువే రేడియోలో మాట్లాడితే

ఇంతవరకు వాయువును కంటి కాంతిలో, ఎలక్ట్రాన్లను రేడియోలో చూడటం గురించి చెప్పాను. వాయువు కూడా రేడియో తరంగాలలో పలుకుతుంది. రీబర్ వ్యాసం ఒకటి యుద్ధకాలపు హాలండ్‌కు చేరినప్పుడు యాన్ ఊర్ట్ దాన్ని చదివి, రేడియోలో కూడా వర్ణపట రేఖ ఏదైనా ఉంటుందా అని తన విద్యార్థి వాన్ డి హుల్స్ట్‌ను అడిగాడు. చల్లని హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల దగ్గర ఒక గీతనిస్తుందని ఆ విద్యార్థి 1944లో జవాబు చెప్పాడు. 1951 మార్చి 25న హార్వర్డ్‌లో హెరాల్డ్ యూవెన్, ఎడ్వర్డ్ పర్సెల్ దాన్ని పట్టుకున్నారు. ప్రయోగశాల కిటికీలోంచి బయటికి పెట్టిన గరాటు వంటి యాంటెనా వారి పరికరం. కింద నడిచే విద్యార్థులకు అది మంచుముద్దలు విసిరే గురిగా కూడా ఉపయోగపడిందట.

క్రియాశీల గెలాక్సీలలో ఈ గీతకు ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. కేంద్రంలో బలమైన రేడియో దీపం వెలుగుతోంది. దాని ముందు చల్లని వాయువు ఉంటే ఆ దీపపు వెలుగులో కొంత మింగేసి, వర్ణపటంలో గుంట చేస్తుంది. ఎక్స్‌రే చిత్రంలో ఎముక నీడలాంటిది ఇది. నీడ పడిందంటే వస్తువు దీపానికి ముందుందని అర్థం.

ఎన్.జి.సి. 1275 విషయంలో ఈ నీడే తగవు తీర్చింది. ఆ గెలాక్సీ సెకనుకు 5200 కి.మీ. వేగంతో దూరమవుతుంటే, అదే దిక్కున కొంత వాయువు 8200 కి.మీ. వేగంతో పోతోందని మింకౌస్కీ గుర్తించాడు. అది వెనక ఉన్నదా, ముందున్నదా? 1973లో అమెరికా రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ 8200 దగ్గర హైడ్రోజన్ శోషణను పట్టుకున్నారు. వాయువు ముందు ఉంది, పైగా గెలాక్సీ కన్నా ఎక్కువ వేగంతో మన నుంచి దూరమవుతోంది. కాబట్టి అది గెలాక్సీ వైపు దూసుకుపోతోంది. బాడె అనుకున్నట్టు ఇక్కడ ఢీకొనే వస్తువు నిజంగానే ఉంది. కానీ రేడియో శక్తికి కారణం అది కాదు. ఒక రోగికి రెండు జబ్బులున్నప్పుడు కంటికి కనిపించే దాన్నే మూలకారణమనుకోవడం ఎంత సులభమో!

న్యూ మెక్సికోలోని శాన్ అగస్టీన్ మైదానంలో వై అక్షరం ఆకారపు పట్టాల మీద 25 మీటర్ల డిష్‌లు ఇరవై ఏడింటిని అమర్చిన వి.ఎల్.ఎ. 1980లో ప్రారంభమయింది. 1984లో దానితో తీసిన సిగ్నస్ ఎ చిత్రంలో, కేంద్రంలోని చిన్న చుక్క నుంచి బయలుదేరిన సన్నని ధార దూరాన ఉన్న రేడియో మేఘం వరకు సాగడం కనిపించింది. జెనిసన్, దాస్‌గుప్తా చూసిన జంట మేఘాలకు తిండి ఎక్కడి నుంచి వస్తోందో ఆ చిత్రం చెప్పింది. అన్ని దారులూ కేంద్రానికే చేరాయి. కానీ ఆ కేంద్రాన్ని తూచడం ఎలా?

నీటిఆవిరి ఇచ్చిన రుజువు

తూకం అనుకోని చోట దొరికింది. నీటిఆవిరి అణువులు తగిన స్థితిలో ఉంటే 1.35 సెంటీమీటర్ల దగ్గర లేజరు వలె కూడబలుక్కుని ప్రకాశిస్తాయి. దీన్ని మేజర్ అంటారు. 1984లో ఎన్.జి.సి. 4258 అనే గెలాక్సీ కేంద్రంలో ఇలాంటి మేజర్ ఉందని తెలిసింది. కొన్నేళ్ళపాటు అందరూ ఆ గెలాక్సీ వేగానికి దగ్గరి పౌనఃపున్యాలనే గమనించారు. జపాన్‌లోని నొబెయామాలో నకాయి, ఇనోఉయె, మియోషి విశాలమైన పరిధి గల వర్ణపటమాపకంతో చూశారు. అటు 1000 కి.మీ., ఇటు 1000 కి.మీ. దూరాన కూడా గీతలున్నాయి. 1993లో ఈ సంగతి ప్రచురించారు. ఎకో యంత్రంలో వేగపు కొలబద్ద చిన్నగా పెట్టుకుంటే శిఖరం తెగిపోతుంది, కవాటం అసలు స్థితి తెలియదు. గీతలు అంతకుముందూ అక్కడే ఉన్నాయి, కిటికీ చిన్నది.

అప్పటికే అమెరికాలో వి.ఎల్.బి.ఎ. సిద్ధమయింది. హవాయి నుంచి కరీబియన్‌లోని సెయింట్ క్రోయి వరకు 8000 కి.మీ. మేర పరచుకున్న పది డిష్‌లు. ఒక్కొక్కటి విన్నదాన్ని పరమాణు గడియారపు కాలంతో సహా టేపుల మీద రికార్డు చేసి, తరువాత కలిపితే భూగోళమంత దూరదర్శిని అవుతుంది. మియోషి, హార్వర్డ్-స్మిత్సోనియన్ కేంద్రంలోని జేమ్స్ మోరన్, లింకన్ గ్రీన్‌హిల్ తదితరులు దానితో ఒక్కొక్క నీటి చుక్క స్థానాన్ని గుర్తించి 1995 జనవరిలో ఫలితం ప్రకటించారు.

ఆ చుక్కలు పలుచని పళ్ళెంలా కేంద్రం చుట్టూ తిరుగుతున్నాయి. లోపలి అంచు కేంద్రానికి 0.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ వేగం సెకనుకు సుమారు 1080 కి.మీ. దానికి రెట్టింపు దూరాన 770 కి.మీ. దూరం రెట్టింపైతే వేగం రెండు వర్గమూలం మేరకు తగ్గాలన్నది గ్రహాలకు కెప్లర్ చెప్పిన సూత్రం. 1080ని 1.41తో భాగించి చూడండి. ద్రవ్యరాశి అంతా మధ్యలో ఒకే చోట ఉంటేనే ఇలా జరుగుతుంది. లెక్కవేస్తే 3.6 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి. అంత ఇరుకైన చోట అన్ని నక్షత్రాలను కుదించి పెడితే అవి ఎక్కువకాలం నిలవలేవు. కృష్ణబిలం తప్ప మరో సమంజసమైన జవాబు మిగలలేదు.

ఇక్కడ వాయువూ రేడియోతోనే మాట్లాడింది. వేగమూ స్థానమూ ఒకే గీత నుంచి వచ్చాయి. ఇద్దరు సాక్షులు ఒక్కటైన ఘట్టమిది. ఎన్.జి.సి. 4258 ఎవరి జాబితాలోదో చెప్పనేలేదు కదా. 1943లో సీఫర్ట్ ప్రచురించిన ఆ పన్నెండింటిలో అదీ ఒకటి.

వాయువు తడబడిన చోటు

ఈ కథను ఇంతటితో ముగిస్తే అందంగా ఉంటుంది గాని న్యాయంగా ఉండదు. వాయువు సాక్ష్యానికి ఒక లోపముంది. నక్షత్రాన్ని కదిలించేది గురుత్వాకర్షణ ఒక్కటే. వాయువును ధారలూ, గాలులూ, పీడనమూ కూడా తోస్తాయి.

కన్యా రాశి దిక్కున 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం 87 గెలాక్సీ దీనికి ఉదాహరణ. దాని కేంద్రం నుంచి తిన్నని కిరణమొకటి బయటికి సాగుతోందని లిక్ వేధశాలలో హీబర్ కర్టిస్ 1918లోనే గమనించాడు. 1994లో హబుల్ దూరదర్శినితో కేంద్రం దగ్గరి వాయువు వేగాలు కొలిచి 240 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి అన్నారు. 2013లో మరింత శ్రద్ధగా వాయువును కొలిస్తే 350 కోట్లు వచ్చింది. నక్షత్రాల కదలికలను కొలిచినవారు మాత్రం 2011లో 660 కోట్లన్నారు. ఇంచుమించు రెండింతల తేడా. రెండు ప్రయోగశాలల నివేదికలు ఇలా వస్తే మేం మూడవ పరీక్ష అడుగుతాం.

మూడవ పరీక్షను రేడియోయే చేసింది. ఆరిజోనా, హవాయి, చిలీ, స్పెయిన్, మెక్సికో, దక్షిణ ధ్రువంలోని దూరదర్శినులను కలిపి 2017 ఏప్రిల్‌లో 1.3 మిల్లీమీటర్ల తరంగాలలో గమనించారు. ధ్రువానికి మాత్రం ఎం 87 కనిపించదు గనుక ఆ చిత్రంలో దాని పాత్ర లేదు. 2019 ఏప్రిల్‌లో వెలుగు వలయం నడుమ చీకటి మచ్చ ఉన్న చిత్రం వెలువడింది. వలయం పరిమాణం 650 కోట్ల సూర్యులకు సరిపోయింది. నక్షత్రాల మాటే నెగ్గింది. వాయువు అబద్ధం చెప్పలేదు. అది చెప్పిన వేగాల మీద ఇతర శక్తుల ప్రభావం ఎంతో మనం సరిగా లెక్కించలేదు. ఎన్.జి.సి. 4258లో పళ్ళెం నెమ్మదిగా ఉంది కాబట్టి వాయువు మాట నిఖార్సయింది. అదే సాక్షి, వేరే పరిస్థితి. ఒక సాక్షి ఎంత నమ్మకస్తుడైనా రెండవ సాక్షి ఎందుకు కావాలో దీనికన్నా మంచి పాఠం లేదు.

పరికరాల ఆయుష్షు

ఆ నీటి చుక్కలు కేవలం కృష్ణబిలాన్ని తూచి ఊరుకోలేదు. పళ్ళెం ముందు భాగంలోని గీతల వేగం ఏటా సెకనుకు 9 కి.మీ. చొప్పున మారుతుంది. ఆ త్వరణాన్ని వేగంతోనూ, ఆకాశంలో కనిపించే కోణంతోనూ కలిపితే ఆ గెలాక్సీ దూరం నేరుగా, మరే మెట్టూ ఎక్కకుండా వస్తుంది. 2019 నాటి లెక్క ప్రకారం అందులో పొరపాటుకు అవకాశం ఒకటిన్నర శాతం. విశ్వం విస్తరించే వేగం ఎంత అన్న నేటి వివాదంలో ఈ ఒక్క గెలాక్సీ కీలకమైన కొలబద్ద. ఇలాంటి మరిన్ని గెలాక్సీలను వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ దూరదర్శినితో వెతికి, వి.ఎల్.బి.ఎ.తో కొలిచిన బృందం 2020లో ఒక మెగాపార్సెక్‌కు సెకనుకు 73.9 కి.మీ. అన్న విలువనిచ్చింది.

2012లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నియమించిన సమీక్షా సంఘం ఖర్చు తగ్గించుకోవడానికి వదులుకోదగిన పరికరాల జాబితా తయారుచేసింది. అందులో ఈ రెండూ ఉన్నాయి. 2016లో రెండింటినీ జాతీయ రేడియో వేధశాల నుంచి విడదీశారు. వి.ఎల్.బి.ఎ. 2018లో తిరిగి చేరింది. రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఆ సంఘంలోని వారు మూర్ఖులు కారు. డబ్బు పరిమితం, కొత్త దూరదర్శినులు కావాలి. కానీ ఈ చరిత్ర చదివినవారికి ఒక సంగతి తోస్తుంది. జాన్‌స్కీ గరగర వెతకడానికి వెళ్ళాడు. రీబర్ పెరటిలో కట్టుకున్నాడు. సీఫర్ట్ జాబితా ఏళ్ళ తరబడి అటకెక్కింది. ఏ పరిశీలన ఎప్పుడు దేనికి సాక్ష్యమవుతుందో ఆ రోజు చెప్పగలిగిన సంఘం ఏదీ లేదు.

నా వృత్తిలో పాత రోగుల కాగితాలను జాగ్రత్తగా దాచమని పెద్దలు చెప్పేవారు. ఇరవై ఏళ్ళ నాటి ఒక ఈ.సి.జి. పక్కన నేటిది పెడితే తప్ప తెలియని నిజాలుంటాయి. సీఫర్ట్ పన్నెండు పేర్లు రాసి పెట్టాడు. వాటిలో ఒక పేరు యాభై రెండేళ్ళ తరువాత, ఆయన ఊహించని పరికరంతో, ఆయన అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. తాను చూసినది ఏమిటో తెలియకపోయినా, ఆయన చూసినది చూసినట్టు రాశాడు.